రోసెట్టా శిల: మూడు లిపులలో వెలువడిన రాజశాసనం

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో 1802 నుండి ప్రదర్శనలో ఉన్న రోసెట్టా శిల ప్రాచీన ఈజిప్టు రాజశాసనం. క్రీ.పూ. 196 మార్చి 27న మెంఫిస్ నగరంలో సమావేశమైన అర్చకులు ఐదవ టాలమీ రాజును కొనియాడుతూ చేసిన తీర్మానం దీనిపై చెక్కబడి ఉంది. ఒకే ఉత్తర్వును పలు లిపులలో ప్రకటించడం వలన కలిగే మేలుకు ఈ శిల చిరస్థాయి నిదర్శనం.

గ్రానోడయోరైట్ అనే కఠిన శిలతో చేసిన ఈ ఫలకం ఎత్తు 112.3 సెంటీమీటర్లు, వెడల్పు 75.7 సెంటీమీటర్లు, బరువు సుమారు 760 కిలోలు. పైభాగం విరిగిపోయింది. పైన చిత్రలిపిలో 14, మధ్యన డెమోటిక్ లిపిలో 32, దిగువన గ్రీకులో 54 పంక్తులు ఉన్నాయి. చిత్రలిపి ఆలయాల పవిత్ర లిపి. డెమోటిక్ ఈజిప్షియన్ల నిత్యవ్యవహార లిపి. గ్రీకు నాటి పాలకుల భాష.

కొన్ని పన్నుల రద్దు, మరికొన్నింటి తగ్గింపు, ఖజానాకు రావలసిన బకాయిల మాఫీ, ఖైదీల విడుదల, ఆలయ ఆదాయాల కొనసాగింపు శాసనంలోని ముఖ్యాంశాలు. ప్రతులను మూడు లిపులలో రాతిపై చెక్కి, మొదటి, రెండవ, మూడవ శ్రేణి ఆలయాలలో నెలకొల్పాలని శాసనమే ఆదేశించింది.

కాలక్రమంలో చిత్రలిపి, డెమోటిక్ లిపులు వాడుక తప్పాయి. తేదీ తెలిసిన చివరి చిత్రలిపి శాసనం క్రీ.శ. 394 నాటిది. అటుపై సుమారు పద్నాలుగు శతాబ్దాల పాటు ఈజిప్టు శాసనాలను చదవగలిగినవారు లేకపోయారు.

1799 జూలైలో రషీద్ (రోసెట్టా) పట్టణం వద్ద కోటను పటిష్ఠపరుస్తున్న ఫ్రెంచి సైనికులకు ఈ శిల లభించింది. అధికారి బూషార్ దాని విలువను గుర్తించారు. గ్రీకు పాఠం పండితులకు తెలిసినదే గనుక మిగిలిన రెండు పాఠాలకు అది ఆధారమైంది. థామస్ యంగ్ టాలమీ పేరులోని కొన్ని అక్షరాల ధ్వనులను గుర్తించగా, కాప్టిక్ భాషలో నిష్ణాతుడైన షాంపోలియన్ 1822లో చిత్రలిపి మర్మాన్ని విప్పారు. చిత్రలిపిలో ధ్వనులను తెలిపే గుర్తులు, అర్థాలను తెలిపే గుర్తులు కలిసి ఉంటాయని ఆయన నిరూపించారు.

టాలమీ వంశానికి తెలుగునేలతో ఒక శాసన సంబంధం ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని పదునాలుగు శిలాశాసనాలు ఉన్నాయి. అశోకుని పదమూడవ శాసనం పేర్కొన్న తురమాయుడు ఈజిప్టును పాలించిన రెండవ టాలమీయేనని చరిత్రకారుల నిర్ణయం. రోసెట్టా శాసనంలోని ఐదవ టాలమీ ఆయనకు మునిమనుమడు. అశోకుడు సైతం ప్రాంతాన్ని బట్టి బ్రాహ్మి, ఖరోష్ఠి, గ్రీకు, అరమాయిక్ లిపులలో తన ధర్మాన్ని ప్రకటించాడు.

1801లో ఫ్రెంచి సేనలు లొంగిపోయిన మీదట, అలెగ్జాండ్రియా ఒప్పందం ప్రకారం శిల బ్రిటిష్ వారి వశమైంది. "1801లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో స్వాధీనం చేసుకున్నది" అన్న భావం గల ఆంగ్ల వాక్యం దాని ప్రక్కభాగంపై నేటికీ కనిపిస్తుంది. శిలను తిరిగి అప్పగించాలని 2003లో ఈజిప్టు పురావస్తు మండలి అధిపతి జాహీ హవాస్ కోరారు. 2005లో మ్యూజియం నమూనా ప్రతిని ఈజిప్టుకు అందజేసింది. 2022లో అప్పగింత కోరుతూ సంతకాల సేకరణ సాగింది. ఈజిప్టు చరిత్రకు మాట నిచ్చిన మూలశిల మాత్రం నేటికీ లండన్‌లోనే ఉంది.