ఆసుపత్రి గోడల నుండి ఇంటి గదికి: దూరమానసికవైద్యంలో రోగి ఏకాంతం

1. ప్రవేశిక

మన దేశంలో మానసికవైద్యచరిత్రను చట్టాల చరిత్రగా, సంస్థల చరిత్రగా చెప్పడం పరిపాటి. రోగి తన బాధను ఎక్కడ కూర్చుని, ఎవరు వింటుండగా చెప్పుకున్నాడన్న ప్రశ్నతో పరిశీలిస్తే అదే చరిత్ర మరొక విధంగా కనిపిస్తుంది. ఇంటి నుండే ఫోను ద్వారా వైద్యం పొందుతున్న రోగి అనుభవాన్ని ఆ దృష్టితో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆసుపత్రి నుండి ఇంటికి

1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం రోగిని సమాజం నుండి వేరుచేసి ఉంచడానికే ప్రాధాన్యమిచ్చింది. ఆ దృష్టి జాడ తెలుగు వాడుకలో నేటికీ ఉంది. మానసిక వైద్యశాల ఉన్నందువల్ల హైదరాబాదులోని 'ఎర్రగడ్డ' పేరే ఎగతాళి మాటగా మారింది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డా. విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోని గుడారాల్లో ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. 2010 ప్రాంతంలో చెన్నైకి చెందిన స్కార్ఫ్ సంస్థ పుదుక్కోట్టై జిల్లా గ్రామాలకు బస్సును పంపి, అందులోని తెర ద్వారా వైద్యులతో మాట్లాడించింది. 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. 2022 అక్టోబరు 10న టెలీ-మానస్ ప్రారంభమై, 14416 నంబరు ద్వారా తెలుగులోనూ సేవ అందుతోంది. ఈ విధంగా మొదట కుటుంబం ఆసుపత్రికి వచ్చింది. తరువాత వైద్యం ఊరికి, చివరకు ఇంటికి చేరింది.

3. వినేవారెవరు?

ఇంటి వైద్యం వల్ల ప్రయాణఖర్చు, పోగొట్టుకునే కూలి మిగులుతాయి. ఆసుపత్రి గడప తొక్కితే పడే ముద్ర తప్పుతుంది. ఈ మేలు చిన్నది కాదు. అయితే రెండు గదుల ఇంట్లో, భర్త ఫోనులో మాట్లాడే కోడలి స్థితిని ఊహించండి. ఆమె వేదనకు కారణం ఆ ఇంట్లోనే ఉంటే, 'నిద్ర పట్టడం లేదు' అన్నచోటే ఆమె మాట ఆగిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీలోనూ ఏకాంతం అరుదే. కాని అక్కడ వినేవారు అపరిచితులు. ఇక్కడ వినేవారితోనే ఆమె రాత్రి భోజనం చేయాలి.

2017 మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కునిచ్చి, దానిని కాపాడే బాధ్యతను వైద్యసిబ్బందిపై ఉంచింది. పక్కగదిలో వింటున్న కుటుంబసభ్యులకు ఆ బాధ్యత వర్తించదు.

4. ముగింపు

కుటుంబం సంరక్షణకు ఆధారమన్నది విద్యాసాగర్ ప్రయోగం నేర్పిన పాఠం. అదే కుటుంబం కొందరి వేదనకు మూలం కావచ్చునన్నది దూరవైద్యం ముందుకు తెచ్చిన ప్రశ్న. 'ఇప్పుడు మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?' అని వైద్యుడు ముందుగా అడగడం, అవును-కాదు అని జవాబిచ్చే ప్రశ్నలు వేయడం, దగ్గరి ఆరోగ్యకేంద్రంలో మాట్లాడుకోవడానికి ఒక గది కేటాయించడం ఖర్చుతో కూడిన పనులు కావు. దూరమానసికవైద్యాన్ని అంచనా వేసే పరిశోధనలు ఎన్ని కాల్స్ వచ్చాయన్న లెక్కతో ఆగకుండా, రోగి తన మాటను పూర్తిచేయగలిగాడా అన్నదీ పరిశీలించవలసి ఉంది.