గజ్జల్లో హెర్నియా: ఏ శస్త్రచికిత్స ఎవరికి?

దిబ్బూరహళ్ళి వంటి పల్లెల్లో హెర్నియా ఆపరేషన్ అనగానే ‘మళ్ళీ పనికి ఎప్పుడు?’ అన్న ప్రశ్నే ముందు వస్తుంది. గజ్జల్లో పొట్టగోడ బలహీనపడి, పేగు ముందుకు పొడుచుకురావడమే ఈ వ్యాధి. దీనిని మందులు నయం చేయలేవు. శస్త్రచికిత్సలు ప్రధానంగా మూడు.

కుట్టు పద్ధతి: ఇటలీ వైద్యుడు బస్సీని 1887లో వెల్లడించారు. కండరాలను దగ్గరకు లాగి కుడతారు. ఆ బిగువు వల్ల హెర్నియా తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

వల పద్ధతి: 1980లలో అమెరికా వైద్యుడు లిక్టెన్‌స్టీన్ ప్రచారంలోకి తెచ్చారు. బలహీనమైన చోట మెష్ అనే వల అమర్చుతారు. ఆ భాగానికే మత్తు ఇచ్చి చేయవచ్చు గనుక గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న వృద్ధులకు మేలు.

లాపరోస్కోపీ: చిన్న రంధ్రాల ద్వారా లోపల వల పరుస్తారు. నొప్పి తక్కువ, పనికి త్వరగా వెళ్ళవచ్చు. అయితే సాధారణంగా పూర్తి మత్తు, అనుభవజ్ఞుడైన సర్జన్ అవసరం. స్త్రీలకు, రెండు వైపులా హెర్నియా ఉన్నవారికి అనుకూలం.

వల ఖరీదైనదే కానక్కరలేదు. 2016లో వెలువడిన ఉగాండా అధ్యయనంలో, శుద్ధిచేసిన దోమతెర గుడ్డతో ఏడాది తర్వాతి ఫలితాలు ఖరీదైన మెష్‌కు దాదాపు సమానంగా ఉన్నాయి. కావున ధర కంటే సర్జన్ అనుభవాన్ని ముందుగా విచారించండి.

ఉబ్బు లోపలికి పోక, నొప్పి, వాంతులు మొదలైతే ఆలస్యం ప్రాణాంతకం. వెంటనే ఆసుపత్రికి చేరాలి.