టైమింగ్ చైన్ మార్పు: చెవి నుంచి స్కానర్ దాకా

ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పితే వాల్వులు తెరుచుకునే వేళకూ పిస్టన్ కదలికకూ పొంతన ఉండదు. ఈ రెండు షాఫ్టులను కలిపే పనిని తొలినాళ్లలో ఎక్కువగా గేర్లే చేశాయి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టిలోనూ గేర్లే. అవి బాగా మన్నుతాయి కానీ మోత ఎక్కువ. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడిన హన్స్ రెనాల్డ్ 1880లో బుష్ రోలర్ చైన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. కార్లు పుట్టకముందే వచ్చిన ఆ చైన్ తర్వాతి కాలంలో ఇంజన్ లోపలికీ చేరింది. దాంతో మోత తగ్గింది, కొత్తగా ఒక ప్రశ్న వచ్చింది: దీన్ని ఎప్పుడు మార్చాలి?

చైన్ సాగిందని మెకానిక్ చెప్పినప్పుడు నిజంగా అరిగేవి పిన్నులూ బుష్‌లూ. ఒక్కో లింకులో ఆ అరుగుదల వెంట్రుకవాసే. అన్ని లింకులదీ కలిస్తే మాత్రం చైన్ పొడవు పెరుగుతుంది, క్యామ్‌షాఫ్ట్ తన వేళకు కాస్త వెనకబడుతుంది, బండిలో లాగుడు తగ్గుతుంది. ఆ వదులును సర్దడానికి టెన్షనర్ ఉంటుంది. 1951లో వచ్చిన ఆస్టిన్ ఎ-సిరీస్ ఇంజన్‌లో టెన్షనర్ పని చేసినవి రెండు రబ్బరు రింగులే. క్యామ్ చక్రం పళ్లకు అటొకటి ఇటొకటి తొడిగేవారు. కొన్నేళ్లు వేడి నూనెలో నానితే అవి గట్టిపడేవి, ఇంజన్ ముందు మూతలోంచి చైన్ కడకడ వినిపించేది. యజమానికి నోటీసు అందేది అలాగే.

చైన్ ఎప్పుడు మార్చాలనే నిర్ణయం చాలా ఏళ్లు చెవితోనే జరిగింది. 1950ల చివర ఉత్తర్‌పారాలో తయారీ మొదలైన అంబాసిడర్‌కూ, ఫియట్ 1100 వారసురాలైన ప్రీమియర్ పద్మినికీ టైమింగ్ చైన్లే. ఈ కార్లలో చైన్ కోసమని ప్రత్యేకంగా ఇంజన్ విప్పించినవాళ్లు తక్కువ. పొగ మొదలై ఇంజన్ బోరుకు వచ్చినప్పుడు ఎలాగూ దించుతారు, ఆ పనిలో పనిగా చైన్ కూడా మార్చేవారు. ఇది సోమరితనమని కొట్టిపారేయనక్కర్లేదు. మూత తీసే కూలీ ఒక్కసారే పడుతుంది కదా.

కొలిచి నిర్ణయించే పద్ధతి మెర్సిడెస్ వర్క్‌షాపుల్లో బాగా స్థిరపడింది. వాల్వు కవరు తీసి, క్యామ్‌షాఫ్ట్ మీది గుర్తు దాని ఎదుటి గుర్తుకు సరిగ్గా వచ్చేదాకా ఇంజన్‌ను చేత్తో తిప్పి, క్రాంక్ పుల్లీ మీద ఎన్ని డిగ్రీల తేడా చూపిస్తోందో చదివేవారు. తేడా కొద్దిగా ఉంటే గాడి పక్కకు జరిగిన ప్రత్యేక కీ ఒకటి క్యామ్ చక్రంలో వేసి సరిచేసేవారు, ఎక్కువైతే చైన్ మార్చేవారు. ముందు మూత తీసే అవసరం కూడా ఉండేది కాదు. పాత చైన్‌లో ఒక లింకు తెంపి, కొత్త చైన్ కొసను దానికి తగిలించి, ఇంజన్‌ను మెల్లగా చేత్తో తిప్పుతూ పాతదాన్ని బయటికి లాగుతుంటే కొత్తది లోపలికి పోయేది. చివరి లింకును రివెట్ చేస్తే పని అయిపోయినట్టే. తిప్పేవాడు, పట్టుకునేవాడు ఇద్దరూ ఒక్క మాట మీద ఉండాలి. చైన్ జారితే టైమింగ్ మొత్తం పోతుంది.

అంత జాగ్రత్త ఉన్న కంపెనీ కూడా ఒకసారి పొదుపుకు పోయింది. 1980ల మొదట్లో 380 మోడళ్ల వి8 ఇంజన్లకు రెండు వరుసల చైన్ బదులు ఒంటి వరుస చైన్ వేసింది. అవి తెగడం మొదలయ్యాక తిరిగి జంట వరుసకే వచ్చింది. ఆ ఏళ్ల 380 కొనేవాళ్లు చైన్ మార్చారా అని అడగడం ఆనవాయితీ అయింది.

అంతకు చాలా ముందే చైన్‌కు పోటీగా బెల్టు వచ్చింది. బవేరియాలోని గ్లాస్ కంపెనీ 1962లో తన 1004 కారులో పళ్ల రబ్బరు బెల్టును వాడింది. చవక, తేలిక, నూనె అక్కర్లేదు, మోత లేదు. పదేళ్లు తిరగకుండా ఫియట్ వంటి పెద్ద కంపెనీలూ అందుకున్నాయి. బెల్టు తెగే ముందు చప్పుడు చేయదు. చాలా ఇంజన్లలో అది తెగిన క్షణమే పిస్టన్లు వాల్వులను కొట్టి వంచేస్తాయి. అందుకే నిర్ణయం చెవి నుంచి సర్వీసు పుస్తకానికి మారింది. 1980లలో అమెరికాలో అమ్మిన చాలా జపాన్ కార్లకు 60,000 మైళ్లకు బెల్టు మార్పు రాసి ఉండేది. మన దేశంలో 1983లో వచ్చిన మారుతి 800 బెల్టు బండే. అంబాసిడర్ అలవాటు మీద ఉన్నవాళ్లకు చప్పుడు లేకుండానే ఒక సామాను మార్చాలనడం కొత్త. టొయోటా ఇన్నోవా డీజిల్‌లో అయితే ఆ వేళ వచ్చిందని చెప్పడానికి డాష్‌బోర్డు మీద ఒక దీపమే పెట్టారు.

పుస్తకం ఖర్చు చెప్పేసరికి కొనేవాళ్లు జంకారు. 2000 నాటికి కంపెనీలు మళ్లీ చైన్ వైపు తిరిగాయి, ఈసారి ఇంజన్ ఉన్నంతకాలం మన్నుతుందనే మాటతో. 2003లో వచ్చిన ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్, 2008లో మారుతి తెచ్చిన కె-సిరీస్ చైన్ ఇంజన్లే. సర్వీసు పట్టికలో చైన్ గడియే లేకుండా పోయింది. ఇక్కడే చిక్కు. కొత్త చైన్ సన్నం, టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీద. ఆయిల్ మార్పు ఆలస్యమై మసి పేరుకుంటే పిన్నులు తొందరగా అరుగుతాయి. జనరల్ మోటార్స్ 3.6 లీటర్ వి6 లో చైన్లు ముందే అరిగినప్పుడు, వారంటీ పొడిగించడంతోపాటు ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పే సాఫ్ట్‌వేర్‌నూ సవరించింది. జబ్బు ఎక్కడుందో ఆ మందే చెప్తుంది. ఫోక్స్‌వాగన్ 1.4 టిఎస్ఐ చైన్‌తో ఇబ్బంది పడి, 2012లో వచ్చిన ఇఎ211 ఇంజన్లలో బెల్టుకు మారింది.

ఇప్పుడు పాత కారు చైన్ గురించి తేల్చేటప్పుడు మెకానిక్ మూడు సంగతులు కలిపి చూస్తాడు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే రెండు క్షణాలకు మించి కడకడ ఉందా. స్కానర్‌లో క్రాంక్, క్యామ్ పొంతన తప్పిందనే పి0016 కోడ్ వస్తోందా. ఆయిల్ మార్పు వేళకు జరిగినట్టు బిల్లులున్నాయా. మూడోది చాలామంది అడగరు, నిజానికి ముందు అడగాల్సింది అదే. చైన్ ఒక్కటే మార్చి గైడ్లు, టెన్షనర్, పళ్ల చక్రాలు (స్ప్రాకెట్లు) పాతవే ఉంచితే అరిగిన పళ్లు కొత్త చైన్‌నూ తినేస్తాయి, అందుకని కిట్టు మొత్తం వేస్తారు.

కిట్టు ధర కన్నా దాని దగ్గరికి చేరే ఖర్చే ఎక్కువ. 2007లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్‌లో చైన్‌ను ఫ్లైవీల్ వైపు పెట్టారు కాబట్టి ఇంజన్ దించడమో గేర్‌బాక్స్ ఊడదీయడమో తప్పదు. ఆ ఖర్చు బండి విలువకు దగ్గరపడితే కొందరు సెకండ్‌హ్యాండ్ ఇంజన్ వెతుక్కుంటారు. దాని చైన్ ఎంత అరిగిందో మూత తీస్తే తప్ప తెలియదు. అందుకే తెలిసిన మెకానిక్ ఇంజన్ కింద ఉండగానే కొత్త కిట్టు వేసి, ఆ తర్వాతే బండిలోకి ఎక్కిస్తాడు.