అంతుచిక్కని జ్వరం పుట్టుపూర్వోత్తరాలు

వారాల తరబడి తగ్గని జ్వరాన్ని మన పల్లెల్లో ముందు టైఫాయిడ్ అంటారు. మందులకు లొంగకపోతే టీబీ అనుమానిస్తారు. అదీ కాదని తేలితే అంతుచిక్కని జ్వరం అంటారు. ఈ చివరి పేరుకు వైద్యశాస్త్రం 1961లో హద్దులు గీసింది. అమెరికా వైద్యులు రాబర్ట్ పీటర్స్‌డార్ఫ్, పాల్ బీసన్ వందమంది రోగుల వివరాలు ప్రచురిస్తూ, 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం మూడు వారాలకు పైగా సాగి, ఆసుపత్రిలో వారంపాటు పరీక్షించినా కారణం తేలకపోతేనే ఆ పేరు పెట్టాలన్నారు. ఓపిగ్గా వెతికితే ఏడుగురికి తప్ప అందరికీ కారణం దొరికింది. 36 మందిలో అది ఇన్‌ఫెక్షనే. కాబట్టి వెతుకులాట ఎక్కడ ఆగిందో ఆ పేరే చెబుతుంది. గుంటూరు, ప్రకాశం మిర్చి, పత్తి చేల సీమలో ఆ వెతుకులాట రోగి తొక్కే మట్టి దాకా వెళ్లాలి.

ఈ మాటకు ఆధారం రంగూన్‌లో ఉంది. 1911లో అక్కడి ఆసుపత్రిలో ఆల్ఫ్రెడ్ విట్మోర్, సి.ఎస్. కృష్ణస్వామి శవపరీక్షల్లో చీముగడ్డలతో నిండిన అవయవాలు చూశారు. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్‌ను పోలిన వ్యాధి అది. కానీ గ్లాండర్స్ సూక్ష్మజీవి కదలదు; వీళ్ల సూక్ష్మదర్శిని కింద ఉన్నది కదిలింది. ఆ తేడాను వదలకపోవడం వల్లే మెలియాయిడోసిస్ బయటపడింది. దాని బాక్టీరియా తడి మట్టిలో, నీటిలో బతుకుతుంది. కాలి పగుళ్లగుండా, పీల్చే గాలితో ఒంట్లో చేరుతుంది. వానాకాలంలో విజృంభిస్తుంది, షుగర్ రోగులను ఎక్కువగా పట్టుకుంటుంది, టీబీలా కనిపించి దారి తప్పిస్తుంది. రంగు వేసి చూస్తే పిన్నీసులా రెండు కొసలా రంగు పట్టిన కణాలు కనిపిస్తాయి. అయినా అలవాటు లేని ల్యాబు దాన్ని మామూలు సూడోమోనాస్ బాక్టీరియా అనుకుని పక్కన పెట్టే ప్రమాదం ఉంది. 2025లో గుంటూరు రూరల్ మండలం తురకపాలెంలో వరుస మరణాలు సంభవించినప్పుడు ఈ వ్యాధిపైనే అనుమానం కలిగి, ఊళ్లో రక్తనమూనాలు సేకరించారు.

ఇంత అరుదైన జబ్బు కోసం అందరినీ పరీక్షించాలా అని అడగవచ్చు. అక్కర్లేదు. టైఫాయిడ్, టీబీ, స్క్రబ్ టైఫస్‌లనే ముందు చూడాలి. స్క్రబ్ టైఫస్ కూడా పొలం గట్ల పొదల్లోని నల్లి పిల్లలు కుట్టి వచ్చేదే. చంకలో, గజ్జల్లో నల్లటి పక్కు కోసం వెతికితే చాలాసార్లు ఆచూకీ దొరుకుతుంది. ఏం పని చేస్తావు, ఎక్కడ తడిశావు, షుగర్ ఉందా అన్న ప్రశ్నలకు ఖర్చేమీ లేదు. రక్తంలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ రిపోర్టు వచ్చేదాకా జ్వరంతో మూలుగుతున్న మనిషికి మందు ఆపగలమా అన్నది మరో అభ్యంతరం. ఆపకూడదు. మొదటి ఇంజెక్షన్‌కు ముందు రక్తం తీసి ఉంచితే చాలు, చికిత్స అప్పుడే మొదలుపెట్టవచ్చు. ముందే యాంటీబయాటిక్ పడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. మెలియాయిడోసిస్‌కు కనీసం పదిరోజులు సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు, ఆపైన మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు కావాలి; మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. జబ్బేమిటో తేలకుండా అంత మందు ఏ డాక్టరూ రాయరు, ఏ కూలీ మింగడు.