చెప్పు కొరికే కుక్క: ఒక పోలిక చరిత్ర

తెలుగు బడిలో చదివిన ఎవరికైనా చెప్పు తినే కుక్క ఒకటి తెలిసే ఉంటుంది. అది వేమన పద్యంలోది. అల్పబుద్ధి ఉన్నవాడికి అధికారమిస్తే మంచివాళ్లని తరిమేస్తాడని చెప్పి, దానికి సాక్ష్యంగా కవి ఆ కుక్కని తెచ్చి నిలబెడతాడు. చెప్పులు కొరికేదానికి చెరకు తీపి ఏం తెలుస్తుందని అడుగుతాడు. సుమతీ శతకంలో దాని చుట్టం ఇంకొకటి ఉంది. దాన్ని బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా పాత గుణం పోదట.

ఈ రెండింటికీ పెద్దదిక్కు సంస్కృతంలో ఉంది. నారాయణుడి హితోపదేశంలో ఒక శ్లోకం, కుక్కని రాజుని చేసినంత మాత్రాన చెప్పు కొరకడం మానుతుందా అంటుంది. హితోపదేశానికి దొరికిన పాత ప్రతుల్లో ఒకటి నేపాల్‌లోది, 1373 నాటిది. అక్కడ రాచరికం, చెప్పు ఒకే చోట ఉన్నాయి. తెలుగులో సింహాసనం సుమతీ శతకం వాటాకి, చెప్పు వేమన వాటాకి వచ్చినట్టున్నాయి. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు అచ్చు వేయించాడు. తర్వాత అవి బడి పుస్తకాలకెక్కాయి. ఇప్పుడు ఆ కుక్క అందరి నోళ్లలోనూ ఉంది.

ఈ ముగ్గురూ కుక్క మీద మోపే నేరం ఒక్కటే: కొరకడం దాని స్వభావం, స్వభావం మారదు.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏదైనా పాడైతే "దాని బుద్ధే అంత" అని వదిలేస్తే జీతం రాదు, కారణం వెతకాల్సిందే. ఈ వాదనని పరీక్షించే అవకాశం మా ఇంట్లోనే దొరికింది. అమలాపురంలో అమ్మ ఒక ఊరకుక్క పిల్లని చేరదీసింది. నాలుగు నెలల వయసులో అది నాన్న చెప్పులు, గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్టా, మంచం నవారు, సెలవుకి వెళ్లిన నా చార్జర్ వైరు వరసగా నమిలేసింది. ప్రతిసారీ అమ్మ వేమన పద్యం అందుకునేది.

కుక్కపిల్లకి 28 పాలపళ్లు ఉంటాయి. నాలుగో నెల ప్రాంతంలో అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 42 పెద్దపళ్లు వస్తాయి. ఈ మధ్యలో చిగుళ్లు సలుపుతాయి, ఏదో ఒకటి నమిలితే హాయిగా ఉంటుంది. మరి చెప్పే ఎందుకు? వేమన నాటి చెప్పు తోలుది. తోలంటే పశువు చర్మం. తంగేడు చెక్కతో ఊనిన తోలుకి మెత్తబడటానికి ఆముదం పట్టించేవాళ్లు. దానికి తోడు యజమాని చెమట వాసన. కుక్క ముక్కుకి అంతకంటే ఇష్టమైన వస్తువు ఆ ఇంట్లో ఇంకేముంటుంది?

చెరకు సంగతీ తేలిపోయింది. పిల్లుల్లో తీపిని పసిగట్టే జన్యువు చెడిపోయిందని, కుక్కల్లో అది బాగానే ఉందని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంటే చెప్పు తినే కుక్కకి చెరకు తీపి తెలుసు. తెలియనిది పిల్లికి!

అమ్మకి మేం చెప్పినవి చిన్న పనులే. చెప్పులు, వైర్లు అందకుండా ఎత్తిపెట్టాలి. చెప్పు నోట కరుచుకుంటే వెంటపడి లాక్కోకూడదు, దానికది ఆట. ఇంకొకటి చూపించి మార్చుకోవాలి. తడిపి గడ్డకట్టించిన తువ్వాలు ముక్క ఇచ్చి, నమిలినంతసేపూ పక్కనే ఉండాలి. రెండు పూటలా తిప్పాలి. కోనసీమలో చేతికందేది కొబ్బరి డొక్కే గానీ అది ఇవ్వకూడదు, పీచు మింగితే పేగుల్లో అడ్డుపడుతుంది. ఉడికిన ఎముకా వద్దు, చీలి గుచ్చుకుంటుంది.

1970లలో అమెరికాలో జో మార్ఖమ్ అనే ఆయన పెంచిన ఫ్రిట్జ్ అనే కుక్క రాళ్లు నమిలేది. ఫోక్స్‌వ్యాగన్ వ్యానులోంచి తీసిన రబ్బరు ముక్క దొరకగానే అది రాళ్లు వదిలేసింది. కాంగ్ అనే రబ్బరు బొమ్మ అలా పుట్టింది. మా ఇంటి కుక్క ఎనిమిదో నెలకి చెప్పుల జోలికి పోవడం మానేసింది.

"పద్యం కుక్క గురించి కాదు కదా, మనుషుల గురించి" అనొచ్చు. నా ఇబ్బంది అక్కడే. చెప్పులు కుట్టిన మాదిగలు పెద్ద కులాల వీధుల్లోకి వచ్చేసరికి ఆ చెప్పులే విప్పి చేత పట్టుకోవాల్సి వచ్చిన నేల ఇది. ఇక్కడ అల్పుడు, చెప్పు, స్వభావం, అధికారం అనే మాటలు పక్కపక్కన పెడితే అవి ఎవరి మీదికి పోతాయో అందరికీ తెలుసు. కులాన్ని అంతగా ఎగతాళి చేసిన వేమన అల్పబుద్ధి అన్నది పుట్టుక గురించని నేననుకోను. కానీ పద్యం కవి దగ్గర ఆగదు, వాడుకునేవాళ్ల చేతిలోకి వెళ్తుంది.

అమలాపురం నుంచి గెలిచిన జి.ఎం.సి. బాలయోగి 1998 మార్చి 24న లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు ఆయన. అదే అమలాపురంలో 2022 మే 24న, జిల్లా పేరుకి అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ జరిగిన ఆందోళనలో ఒక మంత్రి ఇంటికి, ఒక ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. ఏ పీఠం మీద ఎవరుండాలో పుట్టుకే తేలుస్తుందన్న నమ్మకం శ్లోకాల్లో మాత్రమే లేదు.

ఈ పద్యాన్ని బడిలోంచి తీసెయ్యమని నేననను. వేమన మనకి కావాలి. కానీ చెప్పు కొరికేది పళ్లొస్తున్న పిల్ల అని, పళ్లొచ్చాక మానేస్తుందని, ఆ చెప్పు కుట్టినవాడికి దాన్ని తొడుక్కుని నడిచే హక్కు చాలాకాలం లేకపోయిందని కూడా అదే పీరియడ్‌లో చెప్పాలి.