వావిలాకు

బెజవాడ నుండి తిరువూరు పోవు బాటలో మైలవరమున్నది. ఆ ప్రాంతపు కొండలలో పుట్టిన బుడమేరు తుదకు కొల్లేటిలో కలియుచున్నది. అచటి వాగుల గట్లమీద, ఎవరును నాటకయే, నీరు పోయకయే పెరుగు పొద యొకటి కలదు. చేతివ్రేళ్లవలె విడివడిన ఆకులు, ఊదారంగు చిరుపూవులు, నలిపినచో ఘాటైన వాసన. పశువులు దానిని మేయవు. అందుచేతనే చేలకు కంచెగా వేయుదురు. అదియే వావిలి.

మా యింట పురుడు వచ్చినప్పుడెల్ల మా నాయనమ్మ తెల్లవారకమునుపే నన్ను వాగునకు పంపెడిది. నేను తెచ్చిన రెమ్మలను కాగులో మరగించి, ఆ నీళ్లతో బాలింతకు స్నానము చేయించెడిది. మిగిలిన ఆకును ఆముదముతో మూకుడులో వెచ్చజేసి, మూటగట్టి, తన మోకాళ్లకు కాపడము పెట్టుకొనెడిది.

ఈ యాచారము మా యూరిది మాత్రమే కాదు. ప్రాచీనులు వావిలిని నిర్గుండి యనియు సింధువారమనియు వ్యవహరించిరి. చరకసంహితలో విషహరములైన పది ద్రవ్యములలో సింధువారము చేరియున్నది. 1753లో స్వీడను పండితుడు లిన్నేయసు మొక్కలకు లాటిను నామములు పెట్టునప్పుడు దీనికి ‘నెగుండో’ యని మన దేశపు పేరునే కలిపెను. తరువాత రాక్సుబర్గను కంపెనీ వైద్యుడు సామర్లకోటలో తోట వేసి, కోరమండలు తీరపు మొక్కలకు బొమ్మలు వ్రాయించి, వాని తెలుగు పేళ్లను సైతము సేకరించెను. పేరైతే గ్రంథమున కెక్కినది. గుణము మాత్రము వృద్ధుల నోటనే నిలిచినది.

గుణమును గూర్చిన వివాదము మద్రాసులో రేగినది. 1918లో ప్రభుత్వము దేశీయౌషధముల పరీక్షకు డాక్టరు కోమనును నియమించినది. ఆయన నివేదికలు మన వైద్యులకు నచ్చలేదు. 1921లో మహమ్మదు ఉస్మాను అధ్యక్షతన వేరొక సంఘ మేర్పడి 1923లో నివేదిక నొసగినది. 1925లో మద్రాసున దేశీయ వైద్య పాఠశాల వెలసినది. తాతలనాటిది గనుక సత్యమే యని యొకరు, తాతలనాటిది గనుకనే అసత్యమని వేరొకరు! నాకు రెండును వాదములుగా తోచవు.

వాదము తీరవలసినది పరీక్షలో. ఎలుకకు ముందుగా మందిచ్చి, దాని పాదములో సముద్రపు నాచునుండి తీసిన పదార్థమును ఎక్కించి, వాపు పుట్టించి, ఆ వాపెంత తగ్గెనో కొలుచు పద్ధతి 1962లో వచ్చినది. 2003లో సింహళ శాస్త్రజ్ఞులు ముదిరిన పచ్చి వావిలాకు రసమును ఈ విధముగనే పరీక్షించి, అది వాపును నొప్పిని తగ్గించుచున్నదని ప్రకటించిరి. ఇనుమును తుప్పు తినునట్లు దేహకణములను ప్రాణవాయువు తినకుండ కాచు శక్తి, అనగా ఆక్సీకరణ నిరోధక శక్తి, ఆ యాకున కున్నదనియు వారే తెలిపిరి. ఫిలిప్పీను దీవులలో ఇదే యాకు ‘లగుండి’ యను పేర దగ్గు మందుగా ప్రభుత్వ సమ్మతితో అమ్ముడగుచున్నది. అయితే ఎలుక పాదము వేరు, మనుష్యుని మోకాలు వేరు. గాజుగొట్టములో కనబడిన శక్తి రక్తములో ఎంత నిలుచునన్నది మరియొక ప్రశ్న.

ఈ భేదమును నేను ఆలస్యముగా తెలిసికొంటిని. కొన్నేండ్ల క్రిందట మా మేనమామకు కుడిమోకాలు వాచినది. జ్వరము కూడ వచ్చినది. చదివిన గర్వముతో నేను, “మామయ్యా, ఆసుపత్రి యెందుకు? వావిలాకు చాలు” నంటిని. అయిదు దినములు కాపడము పెట్టించితిని. ఆరవనాడు బెజవాడ తీసికొనిపోగా, కీలులో చీము పట్టినదనియు, ఇంక రెండు దినములు గడచిన కాలు దక్కెడిది కాదనియు వైద్యుడు చెప్పెను. శస్త్రచికిత్స జరిగినది. కాలు దక్కినది గాని కుంటు మిగిలినది.

ఇంటికి వచ్చి మా యూరి ముసలి మంత్రసానికి ఈ సంగతి చెప్పితిని. ఆమె నన్ను చూచి, “ఒళ్లు కాలుతుండగా వాపుకు కాపడం పెడతారా, నాయనా?” అన్నది. మా నాయనమ్మకును ఆ నిషేధము తెలిసియే యుండును. పొయ్యి యొద్ద కూర్చుండి చూచిన నేను ఆకును నేర్చుకొంటిని గాని, ఎప్పుడు కూడదో అడుగనే లేదు. నేను చదివిన పరీక్షా నివేదికలలోను ఆ మాట కనబడలేదు.

మామయ్య నన్నెన్నడును నిందింపలేదు. చలికాలము రాగానే ఎడమమోకాలు పట్టుచున్నదని వావిలాకు తెమ్మనును. తెచ్చుటకు ముందు నుదుటిమీద చేయి వేసి చూచుచున్నాను.