పేజీ అంటే ఎన్ని మాటలు?

పోయినేడు మా పొలం వ్యాజ్యంలో అప్పీలు కాగితాలు ఫైలింగ్ సెక్షన్ నుంచి మూడుసార్లు వెనక్కొచ్చాయి. మొదటిసారి పేజీ నంబర్లు కుదరలేదన్నారు. రెండోసారి మార్జిన్ చాలలేదు. మూడోసారి, జతచేసిన పాత దస్తావేజు నకలు మసకగా ఉంది, టైపు చేసిన ప్రతి పెట్టమన్నారు. "తప్పు కేసులో ఉందా, కాగితంలో ఉందా?" అనడిగాడు నాన్న. లాయరుగారు నవ్వేసి ఊరుకున్నారు. నాకు నవ్వు రాలేదు. నా ఉద్యోగం అదే కదా. ఫార్మాట్ కుదరని ఇన్‌పుట్‌ని గడప దాటనివ్వని ప్రోగ్రాములు రాస్తాను. ఆ ఎర్రర్ మెసేజ్ అవతల డెబ్బై దాటిన మనిషి ఒకాయన బెంచీ మీద కూచుని ఉంటాడని ఎప్పుడూ తట్టలేదు.

ఈ నియమాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దామని వెతకడం మొదలుపెట్టాను. ముందుగా దొరికింది ఇంగ్లండులో చాన్సరీ కోర్టు కథ. మిల్‌వర్డ్, వెల్డన్ అనే ఇద్దరి మధ్య దావా. ఆ తీర్పు 1596 నాటిదిగా నమోదైంది. వాది తరఫు సమాధానం 120 కాగితాలు నిండింది. 16 కాగితాల్లో తేలే విషయమని కోర్టు తేల్చింది. రాసింది వాది కొడుకు. అతనికి పడిన శిక్ష చూడండి: ఆ కాగితాల కట్టకి నడిమధ్యన చిల్లు పొడిచి, అందులోంచి అతని తల దూర్చి, రాత బయటికి కనపడేలా భుజాల మీద వేలాడదీసి, కోర్టులు నడుస్తుండగా వెస్ట్‌మినిస్టర్ హాలు చుట్టూ తిప్పమన్నారు. పైన 10 పౌండ్ల జరిమానా.

చదవగానే నవ్వొస్తుంది కానీ, అసలు సంగతి డబ్బుది. అవతలి పక్షం ఏం రాసిందో తెలుసుకోవాలంటే కోర్టు గుమాస్తాల దగ్గర నకలు కొనుక్కోవాలి. రుసుము పేజీల లెక్కన. కాబట్టి వాది ఎంత సాగదీసి రాస్తే ప్రతివాదికి అంత చమురు వదుల్తుంది. గుమాస్తాలకి ఇంకో కిటుకు తెలుసు. అక్షరాలు పెద్దవి చేసి, మాటల మధ్య ఖాళీలు వదిలి, పేజీకి నాలుగు ముక్కలు రాస్తే సరి. దీనికి విరుగుడుగా 'ఫోలియో' అనేది కాగితం కొలతగా కాక మాటల లెక్కగా స్థిరపడింది. చాన్సరీలో 90 మాటలకి ఒక ఫోలియో, కామన్ లా కోర్టుల్లో 72 మాటలకి.

ఇదే పాట నాలుగొందల ఏళ్ళ తర్వాత అమెరికాలో తిరగబడి వినిపిస్తుంది. అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టుల్లో ప్రధాన వాదనా పత్రం 50 పేజీలు దాటకూడదనేది పాత నియమం. కంప్యూటర్లు వచ్చాక లాయర్లు ఫాంటు కాస్త నొక్కి, ఖాళీలు తగ్గించి, ఉన్నదంతా ఆ యాభైలోనే ఇరికించడం నేర్చారు. గుమాస్తాలు సాగదీశారు, వీళ్ళు కుదించారు, అంతే తేడా. 1998లో నియమం మార్చి 14,000 మాటల హద్దు పెట్టారు, 2016లో దాన్ని 13,000కి తగ్గించారు. పేజీ కొలత కాదన్న సంగతి మళ్ళీ మొదట్నించీ కనిపెట్టాల్సి వచ్చిందన్నమాట.

మన దగ్గర చూస్తే, అర్జీ ఎలా ఉండాలన్న చర్చ ఇంతకంటే చాలా పాతది. వాది చెప్పింది చెప్పినట్టు, ప్రతివాది ఎదుటే రాయాలంటుంది యాజ్ఞవల్క్యస్మృతి. సంవత్సరం, నెల, పక్షం, తిథి, పేర్లు ఉండాలి. కులం కూడా. (ఆ వివరం ఎవరికి పనికొచ్చేదో వేరే చెప్పక్కర్లేదు.) చాళుక్య విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు దీనికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. దాన్నే తిక్కన కాలపు కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఫిర్యాదుని ముందు పలక మీద సుద్దతో రాసి, దిద్ది, ఆ తర్వాతే పత్రానికి ఎక్కించాలన్నది కాత్యాయనుడి మాట. ప్రతివాది జవాబు చెప్పేదాకా దిద్దుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు.

మరి వెనక్కి పంపేది వేటిని? నా కుందేటి కొమ్ము తీసుకుని తిరిగివ్వట్లేదు అనేదాన్ని. మా ఇంటి దీపం వెలుతుర్లో పక్కింటివాడు పనులు చేసుకుంటున్నాడు అనేదాన్ని. నన్ను మూగవాడు తిట్టాడు అనేదాన్ని. మితాక్షర ఇచ్చే ఉదాహరణలే ఇవి. అన్నీ కేసులో తప్పులే. కాగితంలో తప్పు ఉంటే పలక మీదే చెరిపేసుకునేవాళ్ళు.

వలస పాలన నాటి చట్టమూ పాఠంగా మంచిదే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు అడిగేది క్లుప్తతే: ముఖ్యమైన సంగతులు చెప్పు, సాక్ష్యాలు ఇక్కడ ఏకరువు పెట్టకు, పేరాలకి నంబర్లివ్వు. మార్జిన్లూ కాగితం సైజులూ ఎక్కువగా కింది రూల్సులోంచి, అలవాట్లలోంచి వచ్చాయి. లీగల్ సైజు, ఒకవైపే టైపు అనే అలవాటుని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 1 నుంచి వదులుకుంది. ఇప్పుడు ఏ4 కాగితం, రెండువైపులా ముద్రణ, టైమ్స్ న్యూ రోమన్ 14, ఒకటిన్నర లైన్ స్పేసింగ్, కుడిఎడమల 4 సెంటీమీటర్లు. కాగితం ఆదా అవుతుంది, మంచిదే. 348వ అధికరణం ప్రకారం అక్కడి భాష ఇంగ్లీషు గనక ఇంగ్లీషు ఫాంటు పేరే చెప్పారు. తెలుగులో రాసినవాళ్ళకి తెలుసు, అదే కొలతలో తెలుగు పెడితే పై లైను వత్తు కింది లైను గుడిని ఎలా గుద్దుతుందో.

చిన్న లోపాలకి పెద్ద హక్కులు పోకూడదని అదే సుప్రీంకోర్టు 2005లో ఉదయ్ శంకర్ త్రియార్ కేసులో స్పష్టంగానే చెప్పింది. అందులో అప్పీలుతో వకాల్తా జతచేయలేదు. సరిదిద్దుకునే అవకాశం ఇవ్వకుండా తోసిపుచ్చకూడదంది. నిజమే, మా కాగితాల్నీ ఎవరూ తోసిపుచ్చలేదు, మూడుసార్లూ దిద్దుకోమనే అన్నారు. కాకపోతే దిద్దుకోడానికి ప్రతిసారీ ఒక బస్సు టికెట్టు, ఒక టైపు ఖర్చు, ఒక పని దినం పోతాయి. వెస్ట్‌మినిస్టర్‌లో పేజీల లెక్కన కట్టింది ప్రతివాది. ఇక్కడ మేం వాయిదాల లెక్కన కట్టాం.

ఆ పాత దస్తావేజు టైపు ప్రతి చివరికి నేనే చేశాను. తాతయ్య కొన్నప్పటి చేతిరాత అది, మడతల దగ్గర సిరా పోయింది. నాన్న భూతద్దం పెట్టుకుని పైకి చదువుతుంటే లాప్‌టాప్‌లో కొట్టుకుంటూ పోయాను. హద్దుల దగ్గర పడమర వైపు "పంట" అని కొట్టాను. నాన్న స్క్రీన్ వైపు వంగి చూశాడు.

"పంట కాదురా, పుంత. బళ్ళు పోయే దారి. ఇప్పుడు సిమెంటు రోడ్డేశారు చూడు, అది."

సిమెంటు రోడ్డని రాయకూడదు, ఉన్నది ఉన్నట్టే ఉండాలి. పుంత అని దిద్దాను.